ముగ్గురి నీడ

నాగబుధు పుస్తకం అయిపోయింది. అయిపోయిందని అతనొక్కడే అంటున్నాడు. పెద్ద భంతే అనడం లేదు.

కృష్ణ ఒడ్డున కొండ మీద ఉండే ఆ విహారంలో పసన్న భదంతుల్ని అందరూ పెద్ద భంతే అనే పిలిచేవాళ్ళు. ఎవరేం రాసినా ఆయన చివరిదాకా విని "సాధు" అని ఒక్క మాట అనాలి. అంటే ఆ రాత అయినట్టు. ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు, ఏ దేశానికైనా పట్టుకుపోవచ్చు. ఆ మాట పడలేదా, ఎంత పెద్ద పుస్తకమైనా వట్టి తాటాకుల కట్టే.

నాగబుధుది చాలా పెద్ద కట్ట. ఒక రాజు కథో ఒక ఊరి కథో కాదు, లోకం మొత్తం కథ.

"మన రాజుల సంగతి రాసినవాళ్ళున్నారు. బుద్ధుడి సంగతి రాసినవాళ్ళున్నారు. అన్ని దేశాల జనాన్నీ ఒకే తాడు మీద నిలబెట్టి, ఎవరెక్కడున్నారో చూపించినవాడు మాత్రం ఇంతదాకా లేడు" అనేవాడు తోటి భిక్షువులతో. అన్నంత పనీ చేశాడు. వర్తకుల్ని అడిగాడు. ఓడవాళ్ళని అడిగాడు. ఉత్తరం నుంచి నడిచొచ్చిన భిక్షువుల కాళ్ళు పిసుకుతూ అడిగాడు. గుండు కాబట్టి సరిపోయింది గానీ, జుట్టే ఉంటే ఈపాటికి నెరిసిపోయేది.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఏళ్ళ లెక్క. బుద్ధుడు పోయి ఎన్నేళ్ళైందన్న దగ్గరే సింహళం వాళ్ళకీ ఉత్తరం వాళ్ళకీ పొసగలేదు. ఒకళ్ళ లెక్కకీ ఇంకొకళ్ళ లెక్కకీ మధ్య ఒక ముసలాయన జీవితం మొత్తం పట్టేంత ఎడం. కూర్చోబెట్టి మాట్లాడిస్తే, లెక్కపెడుతూ మధ్యలో నిద్రపోయింది ఎదుటివాళ్ళేనని ఇద్దరూ అన్నారు. నాగబుధు విసిగిపోయి, ఇద్దర్నీ పక్కన పెట్టి, తన రాజుల ఏలుబడి ఏళ్ళని తీసుకున్నాడు. లోకంలో ఎక్కడేం జరిగినా ఆ ఏళ్ళలోకే మార్చి రాశాడు.

ఇప్పుడు తొందరెందుకంటే, సింహళం నుంచి వచ్చిన భిక్షువులు తిరిగి వెళ్ళిపోతున్నారు. కింద రేవులో పడవ కట్టి ఉంది. అది వాళ్ళని సముద్రం దాకా దింపుతుంది, అక్కడ ఓడెక్కుతారు. పుస్తకాన్ని తీసుకెళ్తామన్నారు. దాంతోపాటు నాగబుధునీ రమ్మన్నారు, వాళ్ళ పెద్ద విహారంలో అందరి ముందూ చదివి వినిపించడానికి. గాలి మళ్ళితే వచ్చే ఏడు దాకా ఓడ లేదు.

పెద్ద భంతే ఒక్క మాట అంటే చాలు, నాగబుధు పడవలో ఉంటాడు.

ఆయన వినడం లేదని కాదు. రోజూ సాయంత్రం కూర్చుని వింటూనే ఉన్నారు. మధ్యలో మాత్రం పనికిరాని ప్రశ్నలు వేస్తున్నారు.

"సముద్రం అవతల ఆ యవనుల దేశంలో వానలెప్పుడు పడతాయట?"

"చలికాలంలోనంట భంతే."

"చలికాలంలో వానా! మరి వాళ్ళకి ఏడాది ఎప్పుడు మొదలవుద్దో?"

"అదంతా నేను పెట్టలేదు భంతే. మన లెక్కలోకి తిప్పేశాను."

"ఓహో" అనేవారు పెద్ద భంతే. ఆ ఓహోకి ముందూ ఉండేది కాదు, వెనకా ఉండేది కాదు.

పుస్తకంలో నాగబుధు కాలాన్ని ఒక పగలులా పేర్చాడు. ముందు తెల్లవారడం, తర్వాత పొద్దెక్కడం, నడిమధ్యాహ్నం, చివరికి పొద్దువాలడం. రాజులు, నాణేలు, రాత, రాతి కట్టడాలు, ఓడలు, ఇవన్నీ ఉన్నచోట మధ్యాహ్నం. కృష్ణ ఒడ్డున ప్రస్తుతం మధ్యాహ్నమే, నాగబుధు అదృష్టం కొద్దీ. సింహళంలో పొద్దెక్కింది గానీ నడినెత్తికి రాలేదు. యవనుల దేశంలో వాలిపోతోంది.

సింహళం వాళ్ళలో పెద్దవాడు సుమన భిక్షువు. నవ్వు మొహం మనిషి. ఆ భాగం విన్న రోజున అడిగాడు. "ఏమయ్యా నాగబుధూ, మాకింకా మధ్యాహ్నం కాలేదా?"

"మీకూ అవుద్ది భంతే" అని నాగబుధు ధైర్యం చెప్పాడు.

"కాకపోతేనే నయంలే. మధ్యాహ్నం దాటితే మనకి అన్నం ఉండదు గదా."

భిక్షువులు మధ్యాహ్నం దాటాక తినరు. అందరూ నవ్వారు. నాగబుధు కూడా నవ్వి, తర్వాతి ఆకు తీశాడు.

పడవ బయల్దేరేది రేపనగా, సాయంత్రం చదువు ఆఖరికొచ్చింది. ఒక్క ఆకు మిగిలింది.

"పైనున్న అడవుల్లోవాళ్ళు ఎక్కడా రాలేదే" అన్నారు పెద్ద భంతే. కొండల్లో తేనె తీసుకుని బతికే జనం గురించి అడుగుతున్నారు.

"వాళ్ళది చివరి ఆకు భంతే. ఒక్క వాక్యమే."

"ఏమని?"

"'ఇక్కడ ఇంకా తెల్లారలేదు' అని."

పెద్ద భంతే పంటి సందులో ఏదో ఇరుక్కున్నట్టు కాసేపు నాలుకతో వెతుక్కున్నారు.

"వాళ్ళనడిగే రాశావా?"

"ఏమని అడగను భంతే? ఏ రాజు ఏలుబడిలో, ఎన్నో ఏడు అని అడిగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. వాళ్ళకసలు ఏలుబడే లేదు. తాడుకి ముళ్ళుంటే లెక్కపెడతాం. ముడే లేని తాడుని ఏం చేసుకోను?"

"నీకు తాడైతే కనపడిందన్నమాట."

అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో నాగబుధుకి తెలీలేదు. "రేపు పడవ వెళ్ళిపోద్ది భంతే" అన్నాడు.

"రేపు పొద్దున ఉపసంపద ఉంది. అది కానియ్యి. నీడ కొలిచే పని ఈసారి నువ్వు చూడు. అదయ్యాక ఆ చివరి ఆకు అందరి ముందూ చదువుదువు గాని."

ఉపసంపద అంటే మామూలు మనిషిని సంఘం భిక్షువుగా చేర్చుకోవడం. భిక్షువుల్లో పెద్దాచిన్నా వయసును బట్టి కాదు, ఎవరు ముందు చేరారన్నదాన్ని బట్టి. నిన్న చేరిన తాత, మొన్న చేరిన మనవడికి దణ్ణం పెట్టాల్సిందే. అందుకని, చేర్చుకున్నామన్న మాట నోట్లోంచి వచ్చిన వెంటనే కొత్తవాణ్ణి ఎండలో నిలబెట్టి నీడ కొలుస్తారు. ఆ కొలత అతను బతికున్నంతకాలం గుర్తు పెట్టుకుంటాడు. ఎప్పుడైనా ఎక్కడైనా నువ్వు ముందా నేను ముందా అని వస్తే, నెలా తిథితోపాటు నీడ కూడా చెప్పుకుంటారు.

కొలిచేది పాదాలతో. నీడ చివర ఒక రాయి పెడతారు. మడమకి వేళ్ళు తాకించుకుంటూ అక్కడిదాకా నడుస్తారు.

ఈ పద్ధతంటే నాగబుధుకి ఎప్పణ్ణుంచో చిరాకు. "ఒకడి పాదం చేటంత, ఇంకొకడిది ఆకంత. ఎవడి పాదంతో వాడు కొలుచుకుంటే అదొక కొలతా? లోకానికంతటికీ ఒకటే ఉండాలి" అనేవాడు. ఉత్తినే అనలేదు, తన పాదం పొడుగుకి సరిగ్గా ఒక వెదురుపుల్ల కోసి నున్నగా చెక్కి పెట్టుకున్నాడు. వాడే అవకాశం రాలేదంతే.

"పుల్లతో కొలవచ్చా భంతే?" అని అడిగాడు.

"నీ పని. నీ ఇష్టం" అన్నారు పెద్ద భంతే.

పొద్దున్నే కొత్తవాళ్ళు ముగ్గురొచ్చారు.

ఒకడు ఇరిల. యవనుడు. రేవులో ద్రాక్షసారాయి జాడీలు దింపించి అమ్మిన వర్తకుడు, ఈ పక్కకొచ్చి ఇక తిరిగి వెళ్ళలేదు. విహారం గుమ్మాలన్నిట్లోకీ వంగి వెళ్ళాలి అతను. రెండోవాడు హంఘ. గంధం అమ్మేవాడు. నాగబుధు ఊరే, పక్క వీధే. మూడోవాడు ఎర్రక. అడవి నుంచి తేనె తెచ్చి ఇచ్చేవాడు, నడివయసు మనిషి. ఇరిల భుజం దాకా కూడా రాడు.

"బుధన్నా, గుండు చల్లగా ఉందే!" అన్నాడు హంఘ, తల తడుముకుంటూ.

"ఇక నుంచి భంతే అనాలి."

"అలాగే భంతే అన్నా."

ముగ్గుర్నీ ఒకేసారి చేర్చుకున్నారు. ముగ్గురిదాకా అలా చెయ్యొచ్చు. పక్కపక్కన కూర్చోబెట్టి, ముగ్గురి పేర్లూ కలిపి సంఘాన్ని అడిగారు. ఎవరూ కాదనలేదు. అందరూ ఊరుకున్న ఆ ఒక్క క్షణంలో ముగ్గురూ భిక్షువులైపోయారు.

వెంటనే బయటికి తీసుకొచ్చారు. ముగ్గుర్నీ వరసగా ఎండలో నిలబెట్టారు. ముగ్గురు భిక్షువులు ఒకేసారి వంగి, మూడు నీడల చివర్లో మూడు రాళ్ళు పెట్టారు. సుమనా, ఆయన తోటివాళ్ళూ మూటలు సర్దుకుని వచ్చి నీడపట్టున నిలబడ్డారు. పెద్ద భంతే అరుగు మీద కూర్చున్నారు.

నాగబుధు పుల్ల తీశాడు.

"పాదాలతో గదా కొలిచేది?" అన్నాడు హంఘ.

"ఇది పాదమే."

"ఎవరిది?"

"నాది. కదలకు."

నాగబుధు వంగి, ఒక్కో నీడ పక్కనా పుల్లని చివరికి చివర ఆనించుకుంటూ రాయి దాకా వెళ్ళాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాకుండా, చెమటలు కక్కుతూ కొలిచాడు. ఇరిల నీడ తొమ్మిది పుల్లలు. హంఘది ఎనిమిది. ఎర్రకది ఏడు.

"చెప్పు" అన్నారు పెద్ద భంతే.

పొద్దునపూట నీడ పొడుగ్గా ఉంటే ఇంకా పెందలాడేనని, పొట్టిగా ఉంటే పొద్దెక్కిందని. ఎవరికైనా తెలిసిందే. నాగబుధు గట్టిగా మొదలెట్టాడు.

"ఇరిలకి తొమ్మిది. అందరికంటే ముందు భిక్షువైంది ఇతను. హంఘకి ఎనిమిది. ఆ తర్వాత ఇతను. ఎర్రకకి ఏడు..."

ఆగాడు.

"ఆగిపోయావేం?"

"ఎర్రక చివర భంతే."

"ఎంత చివర?"

"...పొద్దు బాగా పైకొచ్చాక."

భిక్షువుల్లో ఒకాయన దగ్గాడు. అది దగ్గు కాదు.

"ముగ్గురూ ఒకేసారి అయ్యారనుకున్నానే" అన్నారు పెద్ద భంతే. "ముసలితనం. సరిగ్గా వినలేదేమో."

"నేనూ అక్కడే ఉన్నానయ్యా" అన్నాడు ఎర్రక. అతనికి కోపమేం లేదు, అర్థం కాలేదంతే. "ఈ పొడుగాయన మోకాలు నా మోకాలికి తగులుతానే ఉంది."

"తగిలింది, తగిలింది" అన్నాడు ఇరిల తన యాసలో. "నేను ముందు అంటే నాకు సంతోషమే. కానీ తగిలింది."

నాగబుధు పుల్ల వైపు చూశాడు. రాళ్ళ వైపు చూశాడు. రాళ్ళు ఒకేసారి పెట్టారు, అతనే చూశాడు. పుల్ల మూడుచోట్లా ఒకటే. తప్పు ఎక్కడుందో దొరకలేదు. ఈ కొలత నిలబడితే ఎర్రక బతికినంతకాలం మిగతా ఇద్దరికీ దణ్ణం పెడుతూ ఉండాలి. అది మాత్రం తెలుస్తూనే ఉంది.

ఉన్నట్టుండి మొహం వెలిగింది.

"ఇంత గొడవెందుకు భంతే? నా పుల్ల, నా నీడ. ఆ రెండిటికీ ఎప్పుడూ తేడా రాదు. నా ఒక్కడి నీడే కొలిచి, ఆ లెక్కే ముగ్గురికీ వేసేద్దాం."

"వెయ్యొచ్చు" అన్నారు పెద్ద భంతే. "ఇవాళ భిక్షువైంది నువ్వా?"

ఈసారి ఎవరూ దగ్గలేదు.

పెద్ద భంతే అరుగు దిగారు. ఆయన దిగడమంటే మామూలు సంగతి కాదు, మోకాళ్ళు సహకరించవు. ఇద్దరు పట్టుకోబోతే వద్దన్నారు. ఎర్రక దగ్గరికి వెళ్ళి, అతని ముందు వంగి, అతని కుడి మడమని చేత్తో పట్టుకుని నీడ మొదలయ్యే చోట ఆనించారు.

"అయ్యా, అయ్యా" అంటూ ఎర్రక కాలు వెనక్కి లాక్కోబోయాడు. నిన్నటిదాకా ఈయన ఎదురుపడితే దారి పక్కకి తప్పుకున్నవాడు.

"నడువు."

ఎర్రక నడిచాడు. మడమకి వేళ్ళు, మడమకి వేళ్ళు. పొట్టి పాదాలు, పగుళ్ళ పాదాలు, చెట్లెక్కీ ఎక్కీ వేళ్ళు విడిపోయిన పాదాలు. చుట్టూ ఉన్నవాళ్ళు లోలోపల లెక్కపెడుతున్నారు, పెదాలు కదులుతున్నాయి. రాయి దగ్గర ఆగాడు.

ఎనిమిది.

పెద్ద భంతే ఇరిల వైపు చెయ్యి ఊపారు. ఇరిల తన చేటంత పాదాలతో, తూలిపోకుండా చేతులు చాపుకుని నడిచాడు. అతనూ ఎనిమిది దగ్గరే ఆగాడు. హంఘ సంగతి చెప్పక్కర్లేదు. అతని పాదమూ నాగబుధు పుల్లా దాదాపు ఒకటే.

సుమన భిక్షువు తన పాదాల వైపు చూసుకున్నాడు.

పెద్ద భంతే మళ్ళీ మెల్లగా అరుగెక్కి కూర్చున్నారు. "ముగ్గురికీ ఎనిమిది. గుర్తుపెట్టుకోండి" అన్నారు కొత్తవాళ్ళతో. తర్వాత నాగబుధు వైపు తిరిగారు. "ఊఁ, ఆ ఆకు చదువు. వీళ్ళకి పడవ వేళవుతోంది."

అంతే. పుల్ల గురించి ఒక్క మాట లేదు.

నాగబుధు కట్ట విప్పాడు. చివరి ఆకు పైకి తీశాడు. అందరూ కూర్చున్నారు. ఎర్రక మాత్రం ఇంకా రాయి దగ్గరే నిలబడి ఉన్నాడు, ఎండలో. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు మరి.

"మావాళ్ళ గురించి కూడా రాశారంటగా భంతే?" అన్నాడు. 'భంతే' అనడం అప్పుడే నేర్చుకున్నాడు, జాగ్రత్తగా పలికాడు.

"రాశా."

"ఏం రాశారు?"

ఆకు చిన్నది. వాక్యం ఇంకా చిన్నది. ఒక్క ఊపిరి చాలు. నాగబుధు ఊపిరి తీసుకున్నాడు కూడా. ఎర్రక కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు, ఎండ సూటిగా మొహం మీద పడుతోంది.

కింద రేవు నుంచి పడవవాళ్ళ కేక వినిపించింది.

"ఒక్క ఆకే గదయ్యా, చదివెయ్యి" అన్నాడు సుమన.

నాగబుధు ఆకు దించాడు.

"ఇది అవలేదు భంతే" అన్నాడు పెద్ద భంతేతో.

"ఏది?"

"పుస్తకం."

"అయిపోయిందన్నావు గదా నిన్న."

"నిన్న అన్నాను."

సుమన దగ్గరికొచ్చాడు. అతనికి జాలేసింది. "చివరి ఆకొక్కటే అయితే తీసేసి ఇచ్చెయ్యి. అది లేకపోయినా పుస్తకం పుస్తకమే. ఓడలో కూర్చుని కొత్తది రాసుకుందువు గాని."

"ఒక్క ఆకైతే అలాగే చేద్దును భంతే" అన్నాడు నాగబుధు. "మీ పొద్దు కూడా నేనే ఎక్కించాను ఇందులో."

సుమన ఏదో సరదా మాట అనబోయి మానుకున్నాడు. నాగబుధు భుజం మీద చెయ్యి వేసి, ఒక క్షణం ఉంచి, తీసేశాడు. మూట ఎత్తుకుని మెట్లు దిగాడు. తోటివాళ్ళు వెనకే దిగారు.

నాగబుధు గోడ దగ్గర నిలబడి, పడవ నది మలుపు తిరిగేదాకా చూశాడు. అందులో అతనికని ఉంచిన చోటు ఖాళీగా ఉందో, ఎవరైనా సర్దుకుని కూర్చున్నారో, అంత దూరం నుంచి కనపళ్ళేదు.

అన్నాలయ్యాయి. విహారంలో అందరూ తలోపక్కా నడుం వాల్చారు. పెద్ద భంతే నీళ్ళ కోసం బయటికొచ్చేసరికి గోడ వారన ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు నాగబుధు, ఒకరు ఎర్రక. ఎర్రక ఏదో ఆలోచిస్తూ నేల మీద వేలితో గీస్తున్నాడు. నాగబుధు ఒళ్ళో ఆకు గానీ గంటం గానీ లేవు.

నాగబుధు లేవబోతే పెద్ద భంతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"పడవ పోయిందా?"

"పోయింది భంతే."

"ఏం చేస్తున్నారిక్కడ?"

"వాళ్ళ సంగతి మొదట్నుంచీ చెప్పమని అడిగాను."

"చెప్పాడా?"

"ఇంకా లేదు భంతే. ఏది మొదలు అనుకోమంటావని నన్నే అడుగుతున్నాడు."

"నువ్వేమన్నావు?"

నాగబుధు ఎర్రక వేలు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ వేలు ఒకచోట ఆగి, గీసింది చెరిపేసి, ఇంకాస్త వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలెట్టింది.

"ఏమీ అనలేదు భంతే. కూర్చున్నాను."

పెద్ద భంతే చెంబు ముంచుకున్నారు.

"సాధు" అన్నారు.